కోనసీమ ఎండలో ఫిల్ ఫ్లాష్: ఏళ్ల వాడకం తర్వాత

"ఇంత ఎండ కాస్తుంటే ఫ్లాషెందుకండీ బాబూ?" అమలాపురం చుట్టుపక్కల ఏ పగటి పెళ్లికెళ్లినా ఎవరో ఒకరు అడుగుతారు. ఎండ అంతలా కాస్తోంది కాబట్టే. సూర్యుడు నడినెత్తిన ఉంటే కళ్లు గుంటల్లోకి పోతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది, పెళ్లికొడుకు బాసికం కింద మొహం నల్లబడుతుంది. ఆ నలుపులో ఫ్లాష్‌తో కాస్త వెలుగు నింపితే చాలు, మనిషి మనిషిలా కనిపిస్తాడు. ఫిల్ ఫ్లాష్ అంటే ఇదే.

నేను వాడుతున్నది గైడ్ నంబర్ (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 60 ఉన్న లిథియం బ్యాటరీ స్పీడ్‌లైట్, అంటే కెమెరా నెత్తిన తగిలించే ఫ్లాష్. ఎంత వెలుగివ్వాలో కెమెరాయే లెన్సులోంచి కొలిచి తేల్చే టీటీఎల్‌లో పెట్టి, ఆ లెక్కను పెంచి తగ్గించే ఫ్లాష్ కాంపెన్సేషన్ మైనస్ 1 నుంచి మైనస్ 1.7 స్టాపుల మధ్య ఉంచుతాను. సున్నా దగ్గర వదిలేస్తే చెమట పట్టిన బుగ్గలు జిడ్డోడుతున్నట్టు మెరుస్తాయి. తగ్గించి కొడితే ఫ్లాష్ వేసిన సంగతే తెలియదు, కంట్లో చిన్న మెరుపు మాత్రం నిలుస్తుంది. ఆ మెరుపు కోసమే దీన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

దీని సత్తా తెలిసేది కనుమ నాడు, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో. 11 ఊళ్ల రుద్రులు ప్రభల మీద వస్తారు. పైన రంగులు, వెనక తెల్లటి ఆకాశం, కింద మోసేవాళ్ల మొహాలు నీడలో. ఆకాశానికి సరిపడా ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, షట్టర్ సెకనులో 1/250 వంతు, లెన్సు రంధ్రం ఎఫ్/11 పెట్టి, మొహాలకు ఫ్లాష్ ఇస్తాను. అయితే మూడు నాలుగు మీటర్ల లోపే నిలబడాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే అందుతుంది. జనంలోకి దూరక తప్పదు.

వెనకంతా మసకగా రావాలని లెన్సు రంధ్రం పెద్దది చేసి ఎఫ్/2.8కి దిగితే అదే ఎండలో షట్టర్ 1/4000కి పోతుంది. అప్పుడు హైస్పీడ్ సింక్ (అంత వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ ఫొటో అంతటా పడేలా చేసే పద్ధతి) కావాల్సిందే. షట్టర్ సందు సెన్సర్ మీదుగా జరిగినంతసేపూ ఫ్లాష్ ఆగకుండా మినుకుతూ ఉండాలి గనక బలం బాగా పడిపోతుంది. వరుసగా కొడితే ఫ్లాష్ ఒళ్లంతా వేడెక్కి, కాసేపు మొరాయిస్తుంది కూడా. మే నెల ముహూర్తాల్లో ఇది నిజంగా ఇబ్బంది. అందుకే లెన్సులోకి వచ్చే వెలుగును తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, సంచీలో ఉంచుకుంటాను. దాంతో షట్టర్ 1/250 దగ్గరే ఉంటుంది, వేడి తగ్గుతుంది.

కొబ్బరితోటలో ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలకు మాత్రం ఇది మందు కాదు. నీడతో పాటు మచ్చ మీదా ఫ్లాష్ పడుతుంది, తేడా తగ్గుతుంది గానీ పోదు. మనిషిని పాక నీడకు జరపడమే మేలు. ఫ్లాష్‌కి తొడిగే తెల్ల ప్లాస్టిక్ డోమ్ కూడా ఆరుబయట దండగ. వెలుగు తగిలి వెనక్కి రావడానికి పైన కప్పుండదు, పక్కన గోడుండదు, బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది.

సాయంత్రం గోదావరి గట్టు మీద తీసేటప్పుడు ఫ్లాష్ ముందు లేత నారింజ జెల్ (రంగు పలచటి రేకు) వేస్తాను, లేకపోతే పొద్దువాలే ఎండ పక్కన మొహం నీలంగా పాలిపోతుంది. అంతర్వేది వైపు వెళ్లొచ్చాక ఉప్పుగాలికి మసకబారిన హాట్ షూ (కెమెరా మీద ఫ్లాష్ తగిలించే చోటు) కాంటాక్టుల్ని పొడిగుడ్డతో తుడవాలి. కొత్తగా కొనేవాళ్లు పెన్సిల్ సెల్స్‌తో నడిచేదానికన్నా లిథియం బ్యాటరీది తీసుకోండి, దాంతోపాటే రెండో బ్యాటరీ కూడా.