థండర్‌బర్డ్‌లో ఎన్‌క్రిప్షన్: కుటుంబ ఉత్తరాలకు పనికొస్తుందా?

ఉద్దానంలో ఉంటున్న మా అమ్మగారి కిడ్నీ పరీక్షల రిపోర్టులను కువైట్‌లో ఉన్న తమ్ముడికి ఈమెయిల్ చేసే బాధ్యత శ్రీకాకుళంలో ఉన్న నాది. క్రియాటినిన్ ఎంత ఉందో, డాక్టరు ఏ మందు మార్చారో ఇంట్లోవాళ్లకు తప్ప మరెవరికీ తెలియకూడదని అమ్మ పట్టుబడుతుంది, అది న్యాయమే. మామూలు ఈమెయిల్‌కు దారిలో రక్షణ ఉన్నా, సర్వరుకు చేరాక దాన్ని నడిపే సంస్థగానీ, మన పాస్‌వర్డ్ చిక్కించుకున్నవారుగానీ చదవగలరు. అందుకే, ఉత్తరాన్ని ఇతరులు చదవలేని గుప్త రూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్షన్) సౌకర్యం ఉన్న థండర్‌బర్డ్ అనే ఉచిత ఈమెయిల్ ప్రోగ్రామ్‌కు ఇద్దరం మారాం.

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేసిన పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ నుంచి పుట్టిన ఓపెన్‌పీజీపీ పద్ధతి ఇందులో ఉంది. పూర్వం దీనికోసం ఎనిగ్‌మెయిల్ అనే యాడ్-ఆన్‌ను (అదనపు భాగాన్ని) విడిగా పెట్టుకోవలసి వచ్చేది. 2020లో వచ్చిన థండర్‌బర్డ్ 78వ వెర్షన్ నుంచి ఆ అవసరం పోయింది. ఖాతా సెట్టింగుల్లో కీల జత, అంటే అందరికీ ఇవ్వదగిన పబ్లిక్ కీ, మన దగ్గరే దాచుకునే ప్రైవేట్ కీ, తయారుచేసుకోవడం సులభమే. తమ్ముడి పబ్లిక్ కీతో నేను ఎన్‌క్రిప్ట్ చేసిన రిపోర్టు అతని ప్రైవేట్ కీతోనే తెరుచుకుంటుంది. డిజిటల్ సంతకం ఇందుకు తిరగేసిన పని: నా ప్రైవేట్ కీతో సంతకం చేస్తాను, నా పబ్లిక్ కీతో అతను సరిచూసుకుంటాడు. దారిలో ఎవరైనా ఒక్క అంకె మార్చినా ఆ సంతకం చెల్లదు. మందుల మోతాదు రాసే ఉత్తరంలో నాకు రహస్యం కన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

అసలు జాగ్రత్త అవతలివారి కీని అంగీకరించే దగ్గర పడాలి. ఆ కీ నిజంగా వారిదేనా అన్నది ప్రోగ్రామ్ తేల్చలేదు, మనమే తేల్చుకోవాలి. అక్కడ కనిపించే ఎంపికల్లో ‘సరిచూడలేదు గానీ అంగీకరిస్తున్నాను’ అనేది ఒకటి, ‘ఫింగర్‌ప్రింట్‌ను స్వయంగా సరిచూశాను’ అనేది మరొకటి. మేము ఫోన్ చేసుకుని, తమ్ముడు తన కంప్యూటర్‌లోని 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ను (కీని గుర్తుపట్టే అక్షరాల, అంకెల వరుసను) నాలుగేసి చొప్పున చదువుతుంటే నా తెరపై ఉన్నదానితో పోల్చుకున్నాను. గొంతు తెలిసిన మనిషితో అయిదు నిమిషాల్లో అయిపోయే పని అది. దాన్ని వదిలేస్తే, మరెవరో తమ్ముడి పేరుతో చేసి పంపిన కీకే మన రహస్యాన్ని అప్పగించే ప్రమాదం ఉంది. అయినా మొదటి ఎంపికతోనే ఎన్‌క్రిప్షన్ పనిచేయడం మొదలవుతుంది కనుక చాలామంది అక్కడే ఆగిపోతారని నా భయం.

లోపాలు లేకపోలేదు. కీలకు తాళంలా పనిచేసే ప్రధాన పాస్‌వర్డ్‌ను సెట్టింగుల్లో మనమే వెతికి పెట్టుకోవాలి. లేకుంటే ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న వారెవరైనా పాత ఉత్తరాలు తెరవగలరు. ప్రైవేట్ కీ నకలు వేరే చోట దాచుకోకుండా హార్డ్ డిస్క్ పాడైతే ఆ ఉత్తరాలు ఇక తెరుచుకోవు. విషయం పంక్తి కూడా గుప్తమవుతుంది గానీ, ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్నది దాగదు. బ్రౌజర్‌లో చూస్తే రిపోర్టు బదులు అర్థంకాని ఒక ఫైలు మాత్రమే కనిపిస్తుంది.

ఈ సంతకాన్ని ఆదాయపు పన్ను రిటర్నులకో, టెండర్లకో వాడవచ్చని అనుకోరాదు. అలాంటి చోట చేసే డిజిటల్ సంతకానికి 2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం కింద లైసెన్సు పొందిన సంస్థ జారీచేసిన సర్టిఫికెట్ ఉండాలి. కుటుంబంలో ఇద్దరు ముగ్గురి మధ్య నడిచే ఉత్తరాలకైతే, అవతలివారు కూడా ఓపికగా నేర్చుకునేవారైనప్పుడు, థండర్‌బర్డ్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. ఫోన్‌లోనే అన్నీ చదివేవారికి మాత్రం కష్టమే: ఆండ్రాయిడ్‌లో దీనికి ఓపెన్‌కీచైన్ అనే మరో యాప్‌ను జతచేసుకోవాలి.