పెళ్లి డీవీడీకి మెనూ: డీవీడీ స్టైలర్‌తో ఎనిమిదేళ్లు

మా ఊళ్లో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవాళ్లం నలుగురం. ఇంకా డీవీడీ చేసి ఇచ్చేది నేనొక్కడినే. పెళ్లివారు పెన్‌డ్రైవ్ చాలంటారు. పది రోజులు తిరక్కుండానే పెళ్లికూతురి నాయనమ్మ కోసం ఒక్క డీవీడీ చేసిపెట్టమని ఫోను వస్తుంది. ఆవిడ టీవీ కింద పదిహేనేళ్ల నాటి ప్లేయర్ ఉంటుంది. మూడు గంటల వీడియో మొదటి నుంచి చూసే ఓపిక ఆవిడకు ఉండదు. తలంబ్రాలు చూడాలి, అప్పగింతలు చూసి కాసేపు కళ్లు ఒత్తుకోవాలి. కావలసిన ఘట్టాన్ని రిమోట్‌తో ఎంచుకునే తెర, అంటే మెనూ, అవసరం అక్కడే వస్తుంది.

మొదట్లో ఈ పని అడోబ్ ఎన్‌కోర్‌లో చేసేవాడిని. వీడియో కూర్చే ప్రీమియర్ టైమ్‌లైన్‌లో పెట్టిన గుర్తులు అందులో అధ్యాయాలుగా దిగేవి. మెనూ ఫోటోషాప్‌లో గీసి, లేయర్ల గుంపు పేరు ముందు కుండలీకరణాల్లో ప్లస్ గుర్తు పెడితే అది బటన్ అయ్యేది. అంత హాయి మళ్లీ చూడలేదు. 2012 నాటి సీఎస్6 తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. కంప్యూటర్ మార్చినప్పుడు ఇదే పని చేసే డీవీడీ స్టైలర్‌కు వచ్చాను. ఉచితం, ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది.

చూడటానికి పాత ప్రభుత్వ కార్యాలయంలా ఉంటుంది. వెంట వచ్చే మెనూ నమూనాల్లో మన పెళ్లికి నప్పేది నాకు ఒక్కటీ దొరకలేదు. అయితే మనం చేసిన బొమ్మను నేపథ్యంగా ఇస్తే పేచీ పెట్టకుండా తీసుకుంటుంది. ఇన్నాళ్లూ దాన్ని అట్టేపెట్టుకున్నది అందుకే.

నా మెనూ అక్షరాలన్నీ బొమ్మలోనే ఉంటాయి. శుభలేఖలకు వాడే అనూ ఫాంట్లతోనే ఫోటోషాప్‌లో ‘స్నాతకం’, ‘జీలకర్ర బెల్లం’, ‘తలంబ్రాలు’ అని రాసి, చిత్రంగా భద్రపరచి నేపథ్యంగా పెడతాను. వాటిమీద డీవీడీ స్టైలర్ బటన్లను పరుస్తాను. ఒత్తులు చెదిరిపోతాయన్న బెంగ ఉండదు. ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. మన దగ్గర వాడే పాల్ పద్ధతిలో డీవీడీ చిత్రం 720×576, కానీ దాని పిక్సెళ్లు చతురస్రాలు కావు. 16:9 మెనూను 1024×576లో గీసి, చివర్లో 720×576కు కుదించాలి. నేరుగా 720లో గీస్తే టీవీలో పెళ్లికొడుకు బొద్దుగా కనబడతాడు. నా మొదటి డిస్క్ చూసి ఒకాయన, అల్లుడు ఫోటోలో ఇలా లేడే అన్నాడు.

పాత టీవీలు అంచులు మింగేస్తాయి కాబట్టి అక్షరాలను నాలుగు వైపులా పదో వంతు లోపలికి ఉంచాలి. సురక్షిత ప్రాంతాన్ని గీతలతో చూపించే ఏర్పాటు ఇందులో ఉంది.

రిమోట్ బాణం నొక్కినప్పుడు ఏ బటన్ మీద ఉన్నామో చూపే మెరుపు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డీవీడీ ప్రమాణంలో ఆ మెరుపుకు నాలుగే రంగులు, అందులో ఒకటి పారదర్శకం. అక్షరాలకే రంగు మారేలా చేస్తే అంచులు రంపపు పళ్లలా వస్తాయి. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, 1990లలో రాసుకున్న ప్రమాణం అంతే. నేను అక్షరాల జోలికి పోకుండా వాటి పక్కన చిన్న దీపం బొమ్మ వెలిగేలా పెడతాను. నాయనమ్మలకు కళ్లద్దాలు లేకున్నా దీపం ఆనుతుంది.

ఏ బాణం నొక్కితే ఏ బటన్‌కు వెళ్లాలో డీవీడీ స్టైలర్ తనే ఊహిస్తుంది. బటన్లు వరుసగా ఉంటే సరిగ్గానే ఊహిస్తుంది. కొబ్బరాకు పందిరి చుట్టూ విసిరినట్టు పెడితే మాత్రం కుడి బాణం నొక్కినవారిని ఎక్కడెక్కడో తిప్పుతుంది. నాలుగు దిక్కులూ బటన్ల ధర్మాల్లో చేత్తో ఇవ్వడమే నయం. ప్రమాణం ప్రకారం ఒక మెనూలో 36 బటన్ల దాకా పెట్టవచ్చు. నేను ఆరు దాటేవాడిని కాదు.

మొదట్లో పెళ్లంతా ఒకే వీడియోగా చేసి అధ్యాయాలు విడగొట్టాను. అధ్యాయం మనం అనుకున్న ఫ్రేమ్ మీదే మొదలు కాదు. డీవీడీ వీడియోను కుదించే ఎంపెగ్-2 పద్ధతిలో ఫ్రేములు గుంపులుగా ఉంటాయి, గుంపు మొదటి ఫ్రేమ్ దగ్గరే ఆట మొదలు. అప్పగింతలు నొక్కితే ముందు భోజనాల పంక్తి ఓ క్షణం తళుక్కుమనేది. ఏడవబోయే సమయానికి అరిటాకులో గారెలు! పైగా ఘట్టం అయిపోయినా వీడియో ఆగకుండా సాగిపోయేది. ఇప్పుడు ఒక్కో ఘట్టాన్నీ విడి టైటిల్‌గా, అంటే డిస్క్‌లో వేరే వీడియోగా ఇస్తున్నాను. అది ముగియగానే మెనూకు తిరిగి వస్తుంది. మొత్తం చూసేవారికి అన్ని టైటిళ్లనూ వరుసగా ఆడించే బటన్ వేరే ఉంటుంది. పాత ప్లేయర్లలో టైటిల్‌కూ టైటిల్‌కూ మధ్య చిన్న తడబాటు ఉంటుంది, దానికి మందు లేదు.

నాణ్యత దగ్గర లెక్క తప్పితే ఏ మెనూ కాపాడలేదు. మామూలు డిస్క్ 4.7 జీబీ. రెండు గంటల వీడియోకు సెకనుకు సుమారు 5 మెగాబిట్లు దక్కుతాయి, పెళ్లి బాగానే కనబడుతుంది. మూడు గంటలు కుక్కితే మూడున్నరకు దిగుతుంది. నాణ్యతను ఆటోలో వదిలితే డీవీడీ స్టైలర్ గుట్టుచప్పుడు కాకుండా అలా కుక్కేస్తుంది. హోమం పొగ గళ్లుగళ్లుగా విడిపోతుంది, తలంబ్రాలు గాల్లో గంజిలా అతుక్కుపోతాయి. నేను రెండు డిస్కులు చేస్తాను. ఎంపెగ్-2గా మార్చే పని కూడా బయటే ముగించి ఇస్తాను, వీడియోను తిరిగి ఎన్‌కోడ్ చేయవద్దని ఇందులో చెప్పవచ్చు. అలా చేస్తే మెనూలో అక్షర దోషం దిద్దడం నిమిషాల పని. లేకపోతే ఒక రాత్రి పోయినట్టే.

అమెరికాలో ఉన్న మేనమామకు పంపేదైతే ప్రాజెక్టు మొదట్లోనే పాల్ బదులు అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోవాలి. అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కులను ఆడించవు. ఇక్కడ అమ్మిన ప్లేయర్లలో ఎక్కువ భాగం రెండూ ఆడిస్తాయి.

ప్రాజెక్టు ఫైలు వీడియోలు ఉన్న చోటును మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఒకసారి ఫోల్డర్లు సర్దుతూ అన్నీ వేరే డ్రైవ్‌కు మార్చి, నలభై ప్రాజెక్టులను అనాథలను చేశాను. ఆ ఫైలు ఉత్త ఎక్స్ఎంఎల్, అంటే చదవగల అక్షరాల ఫైలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత దారి పేరు తీసేసి కొత్తది రాసుకుని బతికిపోయాను.

డిస్క్ మీదికి రాసే ముందు డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైలుగా (ఐఎస్ఓ) చేసి కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూస్తాను, కానీ దాన్ని పూర్తిగా నమ్మను. తిరిగి రాయగల ఒక డిస్క్ ఈ పనికే ఉంచుకున్నాను. దాన్ని షాపులోని పాత ప్లేయర్‌లో పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని రిమోట్‌తో అన్ని బటన్లూ తిరుగుతాను.

మొన్న ఒక డిస్క్ ఇవ్వడానికి స్వయంగా వెళ్లాను. నాయనమ్మగారు రిమోట్ అందుకుని దీపాన్ని తలంబ్రాల దగ్గరకు, అక్కడి నుంచి అప్పగింతల దగ్గరకు తడుముకోకుండా నడిపించారు. అంతా చూసి మళ్లీ మెనూకు వచ్చి, దీపాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండుసార్లు తిప్పారు.

“భోజనాలు ఎక్కడున్నాయి నాయనా? ఎవరెవరు వచ్చారో చూసుకోవద్దూ?”

ఇప్పుడు నా మెనూలో ఏడు బటన్లు.