టెన్‌కాయిచి 3: పదిహేనేళ్ళుగా మా బావతో తగువు

నేను ఇంటర్‌లో ఉండగా మొదలుపెట్టిన ఆట ఇది, డ్రాగన్ బాల్ జెడ్ అనే జపాన్ కార్టూన్‌లోని యోధులు ఒకరితో ఒకరు తలపడే వీడియో గేమ్. ఇప్పుడు మా అబ్బాయి ఒకటో తరగతి. పాత ప్లేస్టేషన్ 2 ఇంకా టీవీ కిందే ఉంది, డ్రాగన్ బాల్ జెడ్: బుడోకాయ్ టెన్‌కాయిచి 3 డిస్కు అందులోనే ఉంది. సంక్రాంతికి వచ్చిన మా బావ బ్యాగు కూడా దించకుండా "కంట్రోలర్ ఏదిరా" అంటాడు.

ఈ ఆటని 2007లో స్పైక్ అనే జపాన్ కంపెనీ తయారుచేసింది. వాళ్ళ దేశంలో దీని పేరు స్పార్కింగ్! మీటియర్. రూపాలన్నీ కలిపి 161 మంది యోధులు. ఆ అంకెకి మరీ మురిసిపోకండి, కార్టూన్ హీరో గోకు ఒక్కడే రకరకాల వయసుల్లో, రకరకాల జుట్లతో బోలెడుసార్లు వస్తాడు.

అసలు మజా కెమెరాలో ఉంది. అది మన యోధుడి వీపు వెనకే ఉంటుంది. గాల్లోకి లేవచ్చు, నీళ్ళలో మునగచ్చు, ఒక్క గుద్దుకి అవతలివాడు వెళ్ళి కొండకి కొట్టుకుంటాడు. కంట్రోలర్‌లో ఎల్2 బటన్ నొక్కి పట్టుకుంటే కీ, అంటే యోధుడి ఒంట్లోని శక్తి, నిండుతుంది. నిండాక కూడా వదలకుండా పడితే ఒళ్ళంతా నీలం వెలుగు వస్తుంది, అప్పుడే పెద్ద దెబ్బ వేయగలం. కానీ అలా నిలబడ్డంతసేపూ మనం తేరగా దొరికినట్టే. అందుకే బండ చాటున నక్కి శక్తి నింపుకోవడం, వాడు వెతుక్కుంటూ వచ్చేస్తాడేమోనని టెన్షన్. దెబ్బ తగిలే క్షణంలో సరిగ్గా రౌండ్ బటన్ నొక్కితే మాయమై వాడి వెనక తేలతాం. ఇద్దరికీ ఆ కిటుకు తెలిస్తే ఒకరి వెనక ఒకరు తేలుతూనే ఉంటారు, ఎవరో ఒకరికి కీ అయిపోయేదాకా. అచ్చం కార్టూన్‌లాగే.

బలాల్లో సమానత్వం అసలు లేదు. పెద్ద కోతి రూపం ఎత్తినవాడికి మామూలు గుద్దులు చీమ కుట్టినట్టయినా ఉండవు. మామూలు మనిషైన మిస్టర్ సైతాన్‌కి ఎగరడమే రాదు. ఇది లోపమనేవాళ్ళున్నారు. నాకైతే ఇదే ప్రాణం. బలహీనుణ్ణి కావాలని ఎంచుకుని గెలిస్తే వచ్చే పొగరు, సమానులతో గెలిస్తే రాదు.

లోపాలు లేకపోలేదు. కథ నడిపే డ్రాగన్ హిస్టరీ మరీ పొట్టిది, దీనికి ముందొచ్చిన టెన్‌కాయిచి 2లోనే కథ తీరుబడిగా ఉండేది. ఇద్దరు ఆడితే తెర నిలువునా చీలి ఇరుకైపోతుంది. కామెహామెహాలు, అంటే చేతుల్లోంచి వదిలే శక్తి కిరణాలు, ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు స్టిక్కు గిరగిరా తిప్పాలి. నా అరచేతి బొబ్బలు తగ్గాయిగానీ, మూడు కంట్రోలర్లు మాత్రం పోయాయి.

2024లో దీని తర్వాతి భాగం స్పార్కింగ్! జీరో వచ్చింది. బొమ్మలు అద్భుతం. కానీ విడుదలైనప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు కూర్చుని ఆడుకోవడానికి ఒక్క పోరాట స్థలమే ఇచ్చారు. మా బావ పెదవి విరిచి పాత డిస్కే పెట్టమన్నాడు.

మొన్న సంక్రాంతికి వాడు మహా బలశాలి బ్రోలీ, నేను బలహీనుడు యాజిరోబే. ఇంకో రెండు దెబ్బలైతే నా పని ఖతం. కొండ వెనక్కి పారిపోయి సెంజు గింజ తిన్నాను, లైఫ్ మళ్ళీ పెరిగింది. ఆ ఆట నేనే గెలిచాను. "దమ్ముంటే గింజ తినకుండా గెలవరా" అంటూ వాడు భోజనానికి కూడా లేవలేదు.