స్వయం (SWAYAM, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్)లో ఇంట్రో కోర్సులు, వేరే సబ్జెక్ట్ ట్రై చేద్దాం అనుకునేవాళ్లకి
ఓపెన్ ఎలక్టివ్ (వేరే బ్రాంచ్ నుంచి మనం ఎంచుకునే సబ్జెక్ట్) కోసం వెతికే బీటెక్ వాళ్లకి స్వయం బాగానే పనికొస్తుంది, ముఖ్యంగా సొంత బ్రాంచ్ వదిలి ఎకనామిక్స్, సైకాలజీ లాంటివి చూద్దాం అనుకుంటే. వీడియోలు ఫ్రీనే, ఎగ్జామ్ రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపేది, స్వయంలోనే ఉంటుంది) వాళ్లవి 4, 8, 12 వారాలవి ఉంటాయి, అసైన్‌మెంట్లకి 25 మార్కులు ఎగ్జామ్‌కి 75, రెండిట్లో విడివిడిగా కనీసం 10, 30 రావాలి కాబట్టి అసైన్‌మెంట్లు ఎగ్గొట్టి చివర్లో చూస్కుందాంలే అంటే కుదరదు. పేరులో ఇంట్రడక్షన్ అని ఉంది కదా అని ఎన్‌రోల్ అయిపోకండి, కొన్ని పీజీ వాళ్లకి పెట్టినవి కూడా ఉంటాయి, కోర్స్ పేజీలో ప్రీరిక్విజిట్స్ (ముందే తెలిసుండాల్సినవి) చదివి మొదటి వారం వీడియోలు ఒకట్రెండు చూడండి. సార్ చెప్పే తీరు నచ్చకపోతే 12 వారాలు భరించడం కష్టం బాబోయ్. డిగ్రీలో కలిసే క్రెడిట్స్ కోసమైతే ఒప్పుకుంటారో లేదో కాలేజీలో ముందే అడిగి పెట్టుకోండి. నా రేటింగ్ 4/5.