సతోపంథ్ తాల్: అనుమతి కాగితం చేతిలో పడ్డాకే కొండెక్కండి

ఉత్తరాఖండ్‌లో బద్రీనాథ్ పైనున్న సతోపంథ్ సరస్సుకు వెళ్లాలనుకునేవాళ్లు బూట్లు, స్వెట్టర్లు కొనే ముందు అనుమతి సంగతి చూసుకోండి. మేము ఆ పని ఏజెంటుకు వదిలేశాం. దానివల్ల రెండు రోజులు పోయాయి, 35,500 రూపాయలు పోయాయి, మా బావ ఏడాది నుంచి అనుకుంటున్న ఏకాదశి కూడా పోయింది. మొదటి రెండూ ఎలాగో మర్చిపోతాం. మూడోదాని గురించే నాకింకా కోపం.

బద్రీనాథ్ దాటితే మూడు కిలోమీటర్లలో మానా ఊరు. అక్కడితో రోడ్డు వదిలేసి, ఇరవై కిలోమీటర్లకు పైగా నడిస్తే సుమారు 4,600 మీటర్ల ఎత్తున మూడు మూలల సరస్సు. పాండవులు స్వర్గారోహణకు వెళ్లిన దారి ఇదేనంటారు. ఏకాదశి నాడు బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు మూడు మూలల్లో స్నానం చేస్తారని అక్కడివాళ్ల నమ్మకం. బావకు ఆ మాట పట్టుకుంది. మహాలయ పక్షంలో వెళ్లి, బద్రీనాథ్ బ్రహ్మకపాలంలో వాళ్ల నాన్నగారికి పిండం పెట్టి, ఇందిరా ఏకాదశికి సరస్సు దగ్గర ఉండాలని లెక్క వేశాడు. నేను, మా ఆయన, బావ నడిచేవాళ్లం. అక్కకు బీపీ ఉంది కాబట్టి బద్రీనాథ్‌లో ఉండిపోతానంది.

ఏజెంటుకు మనిషికి 18,500 చొప్పున ముగ్గురికీ 55,500 ముందే పంపాం. గైడు, టెంట్లు, భోజనం, అనుమతి అన్నీ అందులోనే. "పర్మిట్ రెడీగా ఉందండీ, మీరు ఆధార్ పట్టుకుని వస్తే చాలు" అని ఫోన్లో మూడుసార్లు చెప్పాడు.

విశాఖ నుంచి రిషికేశ్ దాకా, అక్కడి నుంచి జోషీమఠ్ దాకా ఏ ఇబ్బందీ లేదు. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ ఇంటి దగ్గరే చేసుకున్నాం, దారిలో అడిగినప్పుడు చూపించాం, అంతే.

శనివారం సాయంత్రం జోషీమఠ్‌లో ఏజెంటు తాలూకు కుర్రాడు లాడ్జికి వచ్చాడు. పర్మిట్ ఏదీ అంటే నేల చూపులు చూశాడు. తీరా చూస్తే అసలు దరఖాస్తే పెట్టలేదు. ఇంకో ఆరు వేలు ఇస్తే తెల్లవారుజామున నాలుగింటికి ఎవరూ చూడకుండా మానా దాటించేస్తాడట! పైన ఎవరికైనా కాలు విరిగితే మనం అక్కడ ఉన్నామని కింద ఒక్కరికీ తెలియదు. మా ఆయన వెంటనే వద్దనేశారు. ఏజెంటుకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఆ ఆదివారం ఇంకా గుర్తుంది. ఆఫీసులు మూసి ఉన్నాయి. లాడ్జి గదికి రోజుకు 2,200. గీజర్ ఉంది కానీ పనిచేయదు, బకెట్ వేడినీళ్లకు 60 రూపాయలు. దుప్పట్లు తడి వాసన. కిటికీ అద్దానికి బదులు అట్టముక్క పెట్టి టేపు అంటించారు, గాలి వచ్చినప్పుడల్లా అది టపటపా కొట్టుకునేది. ఏజెంటును కుదిర్చింది బావే. పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. పంచాంగం ఉన్న చిన్న డైరీ తెరిచి, వేలితో తిథులు లెక్కపెట్టి, మూసేశాడు. అక్క "పోనీలెండి, స్వామి దర్శనం అయితే చాలదా" అంది. దానికీ బదులు లేదు.

సోమవారం మేమే కదిలాం. ఎవరైనా ఇలాగే చేయండి. ముందు ఆసుపత్రిలో మెడికల్ సర్టిఫికెట్, తర్వాత ఆధార్ జెరాక్సులు, ఫొటోలు, రిజిస్టరైన గైడు వివరాలు. అవి పట్టుకుని అటవీ శాఖ ఆఫీసుకూ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ (ఎస్డీఎం) ఆఫీసుకూ తిరగాలి. గైడును లాడ్జి ఎదురుగా టీ కొట్టాయన చూపించాడు. నలభై ఏళ్ల గఢ్‌వాలీ మనిషి, మాటలు తక్కువ. నాలుగు రోజులకు ఆయన, వంటమనిషి, ఇద్దరు పోర్టర్లు, టెంట్లు, సరుకులు కలిపి 38,000 అన్నాడు, బేరం ఆడలేదు. ఆఫీసులో గుమస్తా మా ఫారాల్లో తప్పులు తనే దిద్ది, సాయంత్రం నాలుగింటికి కాగితం చేతిలో పెట్టాడు. ఒక్క పూట పని! దీనికోసమా మేము అంత డబ్బు పోసింది?

మంగళవారం బద్రీనాథ్. అక్కాబావలు బ్రహ్మకపాలంలో పిండం పెట్టారు. బుధవారం, అంటే ఏకాదశి నాడు, మేము సరస్సు దగ్గర ఉండాల్సింది, మాతామూర్తి గుడి దగ్గర నడక మొదలుపెట్టాం. అలకనంద పక్కనే దారి. అవతలి గట్టున వసుధార జలపాతం గాలికి చెదిరి పొగలా కనిపిస్తుంది. రాత్రికి లక్ష్మీవనం, చుట్టూ భూర్జ చెట్లు. బావ ఉపవాసం, ఉడికించిన బంగాళాదుంపలు రెండు తిని పడుకున్నాడు.

మర్నాడు ద్వాదశి పారణ. ఆ సంగతి గైడుకు ఎవరు చెప్పారో తెలియదు. అయిదింటికే స్టవ్ చప్పుడు. టెంటు బయటికి వస్తే వంటబ్బాయి నల్లటి రొట్టెలు కాలుస్తున్నాడు. మండువా పిండి అన్నాడు. చూస్తే మన చోళ్లే, అదే రాగులు! పక్కన గిన్నెలో గహత్ పప్పు, అంటే ఉలవలు. రొట్టె మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసి బావ చేతికిచ్చాడు. బావది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "మా అమ్మ కాల్చిన చోడిరొట్టె లాగే ఉందే" అన్నాడు. శనివారం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నాలుగు రొట్టెలు తిన్నాడు. వంటబ్బాయికి 500 ఇవ్వబోతే తీసుకోలేదు, దిగేరోజు బలవంతంగా జేబులో పెట్టాం.

తర్వాతి మజిలీ చక్రతీర్థంలో మా ఆయనకు తలనొప్పి, వాంతి. బద్రీనాథ్‌లో రెండు రాత్రులు ఉండి ఒళ్లు అలవాటు చేసుకోవాలి. మేము ఒక్క రాత్రే ఉన్నాం. మీరు ఆ పని చేయకండి. ఆయన్ను పోర్టరుతో అక్కడే ఉంచి, శుక్రవారం నేనూ బావా గైడుతో వెళ్లాం. ఎదురుగా గట్టు నిట్టనిలువుగా ఎక్కాలి, ఆ తర్వాత బండరాళ్లు. కాలు పెట్టిన రాయి కదులుతుంది, కింద ఎక్కడో మంచు లోపల నీళ్లు పారుతున్న చప్పుడు. కర్ర లేకుండా వెళ్లొద్దు.

చివరి గుట్ట ఎక్కగానే కింద సరస్సు. పాచి పట్టిన రాగి పాత్ర రంగు. నీటి మీద ఒక్క పుల్ల లేదు. ఏది పడినా పక్షులు ఏరేస్తాయని గైడు చెప్పాడు. బావ బూట్లు విప్పి, నీళ్లు తల మీద చల్లుకుని, ఒక మూల నుంచి ఇంకో మూలకు మెల్లగా నడుస్తూ చుట్టూ తిరిగొచ్చాడు. మూడు మూలల్లోనూ ఆగి దణ్ణం పెట్టాడు. ఆ రోజు త్రయోదశి.

అక్క కోసం చిన్న రాగి చెంబులో నీళ్లు పట్టుకొచ్చాం. శనివారం రాత్రి బద్రీనాథ్‌లో గది తలుపు తీయగానే అక్క అడిగిన మొదటి మాట, "మీ బావ మాట్లాడుతున్నాడా?" అని.

ఏజెంటు నెలన్నర తర్వాత 20,000 వెనక్కి పంపాడు. మిగతాది అడుగుతూనే ఉన్నాం.