ఏడు కొండల లిస్బన్, అమ్మ మోకాళ్లు

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పాత చర్చిలు చూడాలనుకునేవాళ్లు ముందు మోకాళ్ల సంగతి చూసుకోవాలి. ఊరు ఏడు కొండల మీద ఉందని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఎక్కి దిగినవాళ్లకు మాత్రం ఆ లెక్కలో ఏదో మోసం ఉందనిపిస్తుంది. దానికి తోడు కాలిబాటలన్నీ అరచేతిలో పట్టేంత తెల్లరాతి ముక్కలతో పరిచారు. ఏళ్ల తరబడి అడుగులు పడి అవి నున్నగా అరిగిపోయాయి. నాలుగు చినుకులు పడితే సబ్బు పూసినట్టు జారుతాయి. 2024 అక్టోబరు 29 నుంచి ఆరు రోజుల పాటు, అరవై ఎనిమిదేళ్ల అమ్మ చెయ్యి పట్టుకుని ఆ రాళ్ల మీద తిరిగాను.

అసలు బయలుదేరింది ఫాతిమా మాత కోసం. కాజీపేటలో ఫాతిమానగర్ కతీడ్రల్ చూసి వచ్చినప్పటి నుంచి పోర్చుగల్‌లో మరియమాత కనిపించిందని నమ్మే అసలు ఫాతిమా ఊరికి వెళ్లాలని అమ్మకు మొక్కు. నేను పనిచేసే జర్మనీకి తను రావడంతో అది తీరింది. లిస్బన్‌లోని సెతె రియోస్ బస్టాండు నుంచి గంటన్నర ప్రయాణం, ఉదయం వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు. దాని గురించి ఇక్కడ రాయను. అది అమ్మ మొక్కు, చెప్తే అమ్మే చెప్పాలి.

మొదటి రెండు రాత్రులకు అల్ఫామా అనే పాత పేటలో గది తీసుకోవడం నేను చేసిన తప్పు. సన్నటి సందులు, కిటికీల్లో ఆరేసిన బట్టలు, కింద నది. ఫోటోలు చూసి మురిసిపోయాను. ప్రకటనలో 'కొన్ని మెట్లు ఉంటాయి' అని ఒక్క ముక్క రాశారు. గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. మెట్టుకొక మంగళవార్త జపం చెప్పుకుంటూ ఎక్కింది అమ్మ. జపమాల పూర్తయింది కానీ మెట్లు పూర్తి కాలేదు. పైగా కింద హోటల్లో అర్ధరాత్రి దాకా ఫాదో అనే అక్కడి పాటలు. "ఎవరు పోయారే, ఇంతలా ఏడుస్తోంది?" అని అడిగింది. ఆ పాట తీరే అంత అని చెప్పినా నమ్మలేదు.

మూడో రోజు దిగువన బైషాకు మారాం. ఊళ్లో చదునుగా ఉన్న భాగం అదే. 1755 భూకంపం తర్వాత గళ్ల నోటుపుస్తకంలా గీసి కట్టిన పేట అది. అప్పటి ఇళ్ల గోడల లోపల కర్ర చట్రం ఉంటుంది, భూమి ఊగితే ఇల్లూ దానితో పాటు ఊగాలని. మా చిన్న హోటలు అలాంటి భవనంలోనే. ఇద్దరు పట్టే లిఫ్టు, రాత్రికి 95 యూరోలు. అల్ఫామా గది కన్నా పాతిక ఎక్కువ, కానీ ప్రతి యూరో మోకాళ్లకు పెట్టిన ఖర్చనుకున్నాను. ఇవి కాక నగర పన్ను మనిషికి రాత్రికి 4 యూరోలు. ఆ సెప్టెంబరుకు ముందు 2 ఉండేది. పెద్దవాళ్లతో వెళ్తే మరో ఆలోచన లేకుండా బైషాలోనే దిగండి.

అక్కడే ఒక తమాషా జరిగింది. గది సర్దడానికి వచ్చిన ఆవిడను నేను ఇంగ్లీషులో ఒళ్లు తుడుచుకునే గుడ్డ అడుగుతుంటే ఆవిడకు అర్థం కాలేదు. స్నానాల గదిలోంచి అమ్మ "తువ్వాలు, తువ్వాలు!" అని కేకేసింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది, "తుఆల్యా?" అంటూ రెండు తెచ్చి పెట్టింది. అప్పటి నుంచి అమ్మకు ఆ భాష మీద హక్కు వచ్చేసింది. మన బొత్తాం, అల్మారా, ఇస్త్రీ, మేస్త్రి, అనాస, పాదిరి, అన్నీ ఈ రేవు నుంచి ఓడెక్కి వచ్చినవే అని చెప్పాను. "మన మాటలు వీళ్లెత్తుకెళ్లలేదు కదా?" అన్నది అనుమానంగా.

బెలేం పేటలోని జెరోనిమోస్ మఠానికి ఫిగెయిరా చౌకు నుంచి 15 నంబరు ట్రాము వెళ్తుంది. సోమవారం సెలవు. ఒక సంగతి గుర్తుంచుకోండి: మఠం నడవాలకు టిక్కెట్టు, పొడవాటి వరస. పక్కనే ఉన్న చర్చిలోకి మేం వెళ్లినప్పుడు ప్రవేశం ఉచితం, వరస వేరు. తెలియక చాలామంది టిక్కెట్టు వరసలోనే గంటసేపు నిలబడ్డారు. చర్చి చూస్తే చాలనుకునేవాళ్లు అప్పుడు నేరుగా వెళ్లగలిగేవాళ్లు.

మాన్యుయెల్ రాజు 1501లో మొదలుపెట్టించిన కట్టడం అది. ఆఫ్రికా, తూర్పు దేశాల వ్యాపారం మీద వేసిన నూటికి 5 వంతుల సుంకంతో కట్టారు. అంటే మలబారు మిరియాల డబ్బు. స్తంభాలు తాటిచెట్లలా సన్నగా లేచి పైన కొమ్మలు విప్పుకుంటాయి. రాతిలో చెక్కిన ఓడతాళ్లు, ముడులు చూస్తే ముట్టుకుని విప్పాలనిపిస్తుంది. 1755లో ఊరంతా కూలినా ఈ పైకప్పు పెద్దగా చెక్కుచెదరలేదు. లోపలికి అడుగు పెట్టగానే వాస్కో డ గామా సమాధి, చేతులు జోడించి పడుకున్న రాతి మనిషి. 1524లో కొచ్చిలో చనిపోతే అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పాతిపెట్టారు. పదిహేనేళ్ల తర్వాత ఎముకలు పోర్చుగల్‌కు తెచ్చారు. కొచ్చిలోని ఖాళీ సమాధి మేం ఇదివరకే చూశాం, కాబట్టి ఇప్పుడు లెక్క సరిపోయింది. 1502లో మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించింది ఈయనే. ఆ చేతులు అలా జోడించి చెక్కడం చూస్తే నాకు ఏదోలా అనిపించింది. పీఠం దగ్గర రాజుల సమాధులను పాలరాతి ఏనుగులు మోస్తున్నాయి. అమ్మకు మఠం మొత్తంలో నచ్చినవి అవే. "పాపం, ఇంత దూరం తెచ్చి బరువులు మోయిస్తున్నారు."

గొప్ప కట్టడమే, కాదనను. కానీ ఆ జనంలో, ఆ ఫోన్ల మధ్య ఒక పరలోక జపం చెప్పుకోవడానికి కూడా చోటు దొరకలేదు.

నవంబరు 1 సకల పునీతుల పండుగ. పోర్చుగల్‌లో సెలవు రోజు, దుకాణాలు సగం మూసి ఉంటాయి. పూజకు ఎక్కడికి వెళ్దామంటే, రోసియో చౌకు పక్కన ఉన్న సావ్ దోమింగోస్ చర్చి నడిచి వెళ్లేంత దూరం, మెట్లు లేవు, అందుకని వెళ్లాం. దాని గురించి నేను ముందు ఏమీ చదవలేదు. చదవకపోవడమే మంచిదైంది.

బయటి నుంచి మామూలు చర్చి. లోపల అడుగుపెట్టగానే అమ్మ ఆగిపోయింది. స్తంభాలు కాలి, పెచ్చులు ఊడి, పగుళ్లు బారి ఉన్నాయి. కొన్ని చోట్ల రాయి మైనంలా కరిగి జారినట్టు కనిపిస్తుంది. పునీతుల స్వరూపాలు ఉండాల్సిన గూళ్లు చాలావరకు ఖాళీ. పైకప్పుకు మాత్రం ఎర్రమట్టి రంగు కొత్త పూత. 1959 ఆగస్టులో నిప్పంటుకుని లోపలంతా కాలిపోయింది. 1994లో మళ్లీ తెరిచారు. కప్పు వేశారు కానీ కాలిన రాయిని కప్పలేదు. నా పక్కనున్న స్తంభాన్ని వేలితో తాకాను. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు ఇటుకపొడిలా గరగర. అరవై అయిదేళ్ల తర్వాత కూడా మసి అంటుతుందేమోనని వేలు చూసుకున్నాను. అంటలేదు.

ఇది మొదటి దెబ్బ కూడా కాదు. 13వ శతాబ్దంలో కట్టిన ఈ చర్చిని 1531 భూకంపం దెబ్బతీసింది. 1755 నవంబరు 1న, ఇదే పండుగ రోజు, ఉదయం సుమారు 9:40కి వచ్చిన భూకంపం దాదాపు నేలమట్టం చేసింది. పండుగ కాబట్టి ఊరంతా గుళ్లలోనే ఉంది, ప్రతి పీఠం మీదా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కూలిన రాళ్ల కింద కొందరు, ఆ కొవ్వొత్తుల నుంచి లేచిన మంటల్లో కొందరు, ప్రాణభయంతో నది ఒడ్డుకు పరుగెత్తితే పైకి లేచిన సముద్రంలో మరికొందరు. మంటలు రోజుల తరబడి ఆరలేదు. ఇదంతా ఫోనులో చదివి అమ్మకు గుసగుసగా చెప్తుంటే పీఠం దగ్గర పిల్లవాడొకడు కొవ్వొత్తులు వెలిగిస్తున్నాడు. అమ్మ కళ్లు ఆ పుల్ల మీదే ఉన్నాయి.

పూజ పోర్చుగీసులో. అమ్మకు ఒక్క ముక్క రాదు, కానీ ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మోకరించాలో వేరే చెప్పాల్సిన పని లేదు. జవాబులు తెలుగులో చెప్పుకుంటూ పోయింది, 'ఆమెన్' దగ్గర అందరితో కలిసింది. చుట్టూ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఆఫ్రికా మూలాల వాళ్లు, పండుగ బట్టల్లో, పిల్లలతో. చందా పళ్లెం వచ్చినప్పుడు పక్కనున్న పెద్దావిడ అమ్మ చీర కొంగు పట్టుకుని చూసి ఏదో మెచ్చుకుంది. అమ్మ కూడా ఆవిడ తలగుడ్డ పట్టుకుని చూసింది. అంతే పరిచయం.

బయట చౌకులో దావీదు నక్షత్రం చెక్కిన రాయి ఉంది. 1506 ఏప్రిల్‌లో ఈ చర్చిలోనే, సిలువ మీద వెలుగు కనిపించిందని కొందరంటే, అది కొవ్వొత్తి వెలుగేమో అన్నాడట బలవంతంగా క్రైస్తవులుగా మార్చిన యూదుల్లో ఒకడు. అతన్ని అక్కడే చంపారు. తర్వాత మూడు రోజుల్లో వందల మందిని, కొన్ని లెక్కల ప్రకారం వేల మందిని చంపారు. రెచ్చగొట్టినవాళ్లలో అప్పట్లో ఈ చర్చికి ఉన్న మఠం సన్యాసులూ ఉన్నారు. ఈ మాట అమ్మకు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి చెప్పాను. రాయి ముందు నిలబడి సిలువ గుర్తు వేసుకోబోయి చెయ్యి దించేసింది. ఊరికే తల వంచి నిలబడింది.

నా లెక్కలో లిస్బన్‌లో ఒక్క చర్చికే సమయం ఉంటే అది ఇదే. టిక్కెట్టు లేదు, మెట్లు లేవు.

మర్నాడు సావ్ రోక్. ఏసు సభ (జెస్యూట్) వాళ్ల చర్చి, ముఖం చూస్తే గోదాము అనుకుని దాటిపోతారు. లోపల మాత్రం బంగారం. కప్పు గుమ్మటాలతో ఎత్తుగా కనిపిస్తుంది, నిజానికి అది చదునైన చెక్క మీద వేసిన బొమ్మ. లోపలే ఎడమవైపు ఉన్న పునీత స్నాపక యోహాను చిన్న గుడి కథ మరీ వింత. జొవావ్ ఐదో రాజు దాన్ని రోమ్‌లో చేయించాడు. పోపు అక్కడే అందులో పూజ చేశారు. ఆ తర్వాత 1747లో రాయికి రాయి విప్పి ఓడల్లో ఇక్కడికి తెచ్చి బిగించారు. నీలం రంగు లాపిస్ లాజులీ రాళ్లు, అగేట్ రాళ్లు. తైలవర్ణ చిత్రాల్లా కనిపించేవి నిజానికి రాతి తునకలు పేర్చి చేసినవి. ముక్కు దగ్గర పెట్టి చూసినా అతుకు తెలియదు. ఎనిమిదేళ్ల తర్వాత భూకంపం వచ్చినా దీనికేమీ కాలేదు. పనితనానికి దండం పెట్టాను, కానీ మనసు అక్కడ నిలవలేదు. పూజ సామాను ఉంచే గది గోడల మీద ఫ్రాన్సిస్ జేవియర్ జీవిత చిత్రాలున్నాయి. 1541లో ఈ ఊరి నుంచే ఆయన గోవాకు ఓడెక్కారు. అదే నవంబరులో గోవాలో ఆయన భౌతికకాయ దర్శనం మొదలవుతోందని, ఊరి నుంచి మా పిన్ని వాళ్లు బయలుదేరుతున్నారని అమ్మకు దిగులు. "వాళ్లక్కడికి, మనమిక్కడికి" అని నేనంటే కొంచెం కుదుటపడింది.

కార్మో మఠానికి 1755 తర్వాత మళ్లీ కప్పు వేయలేదు. రాతి కమానుల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంది, కింద గడ్డి. ఇప్పుడు పురావస్తు ప్రదర్శనశాల, టిక్కెట్టు ఉంది. పెరూ మమ్మీలు ఎందుకు పెట్టారో నాకు బోధపడలేదు. ఎండ ఉన్న పూట వెళ్లండి, వాన పడితే చూసేందుకేమీ మిగలదు. దగ్గరే, దిగువ పేట నుంచి పైకి ఎక్కించే సాంతా జుస్తా లిఫ్టు దగ్గర మేం వెళ్లినప్పుడు వరస గంట పైనే. ఊరి రవాణా రోజు పాసు ఉంటే దానికి విడిగా కట్టక్కర్లేకపోయింది. అప్పుడు ఆ పాసు దాదాపు 7 యూరోలు, ట్రాములకూ మెట్రోకూ అదే.

ట్రాముల మాట వచ్చింది కాబట్టి: 28 నంబరు గురించి అందరూ ఊరిస్తారు. మేం నలభై నిమిషాలు నిలబడి, ఎక్కి, ఎవరిదో మోచెయ్యి తప్ప ఏమీ చూడలేదు. జేబుదొంగలు ఎక్కువని లోపలే రాసి పెట్టారు. కతీడ్రల్ దాకా పోవాలంటే 12 నంబరు చాలు. సాంతా ఎంగ్రాసియా చర్చిని బయటి నుంచే చూశాం. 1682లో మొదలై 1966లో పూర్తయిన కట్టడం. ఎప్పటికీ తెమలని పనిని అక్కడివాళ్లు 'సాంతా ఎంగ్రాసియా పని' అంటారట. మా ఊళ్లో కమ్యూనిటీ హాలు గుర్తొచ్చింది.

భోజనానికి బకల్యావ్ అని కనిపిస్తే భయపడకండి, అది ఉప్పుచేప. వాసనకే అమ్మ గుర్తుపట్టింది. అన్నం కావాలంటే మార్తిం మోనిజ్ చౌకు వెనక వీధుల్లో బంగ్లాదేశ్ వాళ్ల హోటళ్లున్నాయి. అక్కడ పప్పు దొరికింది, మిగతాది సర్దుకున్నాం.

చివరి రోజు ఆదివారం. కతీడ్రల్ 1147లో మొదలైన పాత కోటలాంటి గుడి. అక్కడ ఆదివారం పర్యాటకులకు ప్రవేశం లేదు, ఈ సంగతి ముందే చూసుకోకపోవడం నా పొరపాటు. అయితే ఎదురుగానే పునీత అంతోని వారి గుడి. పాదువా అంతోని అని మనం పిలుచుకునే ఆయన పుట్టింది పాదువాలో కాదు, ఇక్కడ. గుడి కింద చిన్న నేలమాళిగ ఉంది. ఆయన పుట్టిన ఇల్లు అక్కడే ఉండేదంటారు. 1755లో గుడి కూలిపోతే ఊళ్లో పిల్లలు వీధివీధి తిరిగి 'అంతోని వారికి ఒక చిల్లర నాణెం' అని అడిగి పోగుచేసిన డబ్బు కూడా తిరిగి కట్టడానికి ఉపయోగపడిందట. మిరియాల సుంకంతో కట్టిన దానికన్నా ఈ లెక్క అమ్మకు బాగా నచ్చింది. పర్సులో ఉన్న చిల్లరంతా డబ్బీలో వేసి, ఇంటి తాళంచెవి పోయినప్పటి నుంచి తమ్ముడి పెళ్లి దాకా అన్నీ ఏకరువు పెట్టింది.

బయటికి వస్తూ అంతోని వారి రొట్టె కావాలన్నది. పండుగనాడు ఇచ్చే చిన్న రొట్టెను పిండి డబ్బాలో ఉంచితే ఏడాదంతా కరువుండదని ఇక్కడి నమ్మకం, హోటల్లో ఆ తువ్వాళ్ల ఆవిడే చెప్పిందట. ఏ భాషలో చెప్పుకున్నారో నాకు తెలియదు. గుమ్మం దగ్గరున్న పెద్దాయన్ని అడిగితే నవ్వి, జూన్ 13న రమ్మన్నాడు.

మెట్లు దిగి ట్రాము కోసం నిలబడ్డాం.

"జూన్‌లో టిక్కెట్లు ఎంతుంటాయే?"

"టిక్కెట్ల సంగతి అలా ఉంచు. ఆ పండుగకి ఈ పేటలో రాత్రంతా వీధుల్లోనే ఉంటారు, పాటలు, సార్డీను చేపల పొగ. నిద్ర ఉండదు."

"పాటలకేం. గది మాత్రం లిఫ్టున్నది చూడు."