వత్తయిన ఉంగరాల జుట్టును చిక్కుగా చూడని సెలూన్

తండ్రి నుంచి ఆఫ్రికన్ అమెరికన్ల బిగుతైన ఉంగరాల జుట్టును పొందిన మా అమ్మాయి, స్ట్రెయిట్నర్‌తో దాన్ని సాగదీయడం మానాలని, కాలిఫోర్నియాలో ఇటువంటి జుట్టుకే ప్రత్యేకమైన ఒక సెలూన్‌కు తీసుకువెళ్లాను. మాడులో పుట్టే నూనె ఉంగరాల మలుపులు దాటి కొసలదాకా చేరలేదు కనుక ఈ జుట్టు త్వరగా పొడిబారుతుందని వివరించిన అక్కడి నిపుణురాలు, తడిపి, కండిషనర్ పట్టించి, పాయలుగా విడదీసి, కొసల నుంచి కుదుళ్ల వైపు ఓపికగా చిక్కు తీశారు. ఆరాక జుట్టు సగానికి ముడుచుకోవడం చూసి అమ్మాయి డీలాపడినప్పుడు, అది లోపం కాదని, ఉంగరం సహజ గుణమని ఆమె చెప్పిన తీరు నాకు అన్నిటికన్నా నచ్చింది. మూడు గంటల సమయం మాత్రం ఎక్కువే. జుట్టు తీరును బట్టి బడుల్లో, ఉద్యోగాల్లో వివక్ష చూపరాదని ఈ రాష్ట్రం 2019లోనే క్రౌన్ చట్టం చేసింది; అయినా మా అమ్మాయి జుట్టు విరబోసుకుని బడికి వెళ్లింది మాత్రం ఈ సోమవారమే.